ఎవరి పేరూ లేని రొట్టెలు

ఆ చలికాలం నేను వారాలు లెక్కపెట్టలేదు, అంతస్తులు లెక్కపెట్టాను. సైబీరియాలో జెనిష్ పనిచేసే చోట పదహారు అంతస్తుల మేడ కడుతున్నారు. చివరి కప్పు పడ్డాక వచ్చేస్తానన్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఎలా ఉన్నావని అడగడం మానేసి ఎన్ని లేచాయని అడిగేదాన్ని.

"పదకొండున్నర."

"అర అంతస్తు మీద ఎట్లా నిలబడతారు?"

"ఎవరూ నిలబడరు. నీ మొగుడు నిలబడతాడు. సెజిమ్ ఏం చేస్తోంది? ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు."

పాపకి పద్నాలుగు నెలలు. ఫోన్ చెవి దగ్గర పెడితే నాకడానికి నోరు తెరిచేది. అవతల అతను ఏవేవో గుర్రం కూతలు కూసేవాడు. అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చునే, "మనిషిలా మాట్లాడరా, పిల్ల నిన్ను గుర్రం అనుకుంటుంది" అని అరిచేది.

మాది బిష్కెక్ ఊరి చివర కొత్తగా లేచిన బస్తీ. నీళ్ళు వీధి కుళాయి దగ్గర, పొయ్యిలోకి బొగ్గు, బయటికి చూస్తే పొగ. పాపకి దగ్గు తగ్గేది కాదు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన దాన్ని, మందు సీసా మీది అక్షరాలు రెండుసార్లు కూడబలుక్కుని, అయినా నమ్మకం లేక మూడోసారి అత్తమ్మకి చూపించేదాన్ని. ఆమెకి కళ్ళద్దాలు లేకపోతే కనబడదు. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం.

శరత్కాలం చివర్లో జెనిష్‌కి జీతం రెండు నెలలు ఆలస్యమైంది. పిండి బస్తా అడుగు తగిలింది. అప్పుడే మా వీధి మలుపులో ఒక పాత కారు ఆగడం మొదలైంది. అందులోంచి తమారా పెత్రోవ్నా అనే రష్యన్ ముసలామె దిగి, వెనక డిక్కీ తెరిచేది. బజారు దగ్గర మూడు బేకరీలలో ముందురోజు అమ్ముడుపోని రొట్టె అంతా అందులో ఉండేది. ఆమె, ఇంకో ఇద్దరు కుర్రవాళ్ళు ఏ జీతం లేకుండా ఆ పని చేసేవాళ్ళు. నేను రెండు వారాలు వరసలో నిలబడ్డాను. మూడో వారం ఆమె నా చేతిలో రొట్టె పెట్టకుండా ఒక జత గ్లవ్స్ పెట్టింది.

"నీకు చేతులున్నాయి కదమ్మా. నా నడుం పోయింది. ఇటు రా."

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ముఖం ముడుచుకుంది.

"ఊరందరి మిగులూ మోసుకు తిరుగుతావా?"

"మిగులు కాదండీ. పారేయకుండా తెస్తున్నాం."

పారేయడం అన్న మాటకి ఆమె ఆగింది. మా వాళ్ళు రొట్టెని చెత్తలో వెయ్యరు. ఎండిపోయినదైనా విడిగా సంచిలో కట్టి, చెత్తకుండీ పక్కన మేకుకి తగిలిస్తారు, ఎవరి గొడ్డుకైనా పనికొస్తుందని.

"ఎవరు పారేస్తున్నారు?"

"బేకరీ వాళ్ళు. స్థలం చాలక."

"అయితే వెళ్ళు" అంది. పాపని ఒళ్ళోకి లాక్కుని, "పాపని నా దగ్గర వదులు. చలిలో తిప్పకు" అంది.

పని పెద్దదేం కాదు. బేకరీ వెనక తలుపు దగ్గర పెట్టెలు అందుకోవాలి. ఒక్కొక్కటీ విరిచి వాసన చూడాలి, బూజుంటే తీసేయాలి, మాంసం పెట్టిన సంసాలు విడిగా పెట్టాలి. తమారా పెత్రోవ్నా గుండ్రటి రొట్టెల్ని పెట్టెలో ఎక్కువ పడతాయని ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా సర్దేది. నేను వెనకే వెళ్ళి బోర్లా ఉన్నవాటిని తిప్పేదాన్ని. ఒకరోజు ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"తిరగేస్తే ఏమవుతుంది?"

"ఏమో. అలా పెట్టరంతే."

"పదిహేను తక్కువ పడుతున్నాయి నీ వల్ల."

"రెండోసారి నడిచొచ్చి తీసుకెళ్తాను."

"బొత్తిగా మొండిదానివి" అంది గానీ, ఆ తరవాత ఆమె కూడా వెల్లకిలానే సర్దింది.

చిక్కు శుక్రవారాలతో వచ్చింది. మా ఇళ్ళలో శుక్రవారం పూట పోయినవాళ్ళ పేరు చెప్పి నూనెలో ఏడు రొట్టెలు వేయిస్తారు. ఆ వాసన వాళ్ళకి చేరుతుందంటారు. రొట్టెలు ఇరుగుపొరుగుకి పంచుతారు. తిన్నవాళ్ళు చేతులు తెరిచి దువా చేస్తారు. నగరంలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి తీరిక లేక, బేకరీలే ఇప్పుడు ఏడేసి వేయించి సంచుల్లో పెట్టి అమ్ముతున్నాయి. మధ్యాహ్నం నమాజ్ అయిపోయిందా, ఇక ఆ సంచులు ఎవరూ కొనరు. మర్నాటికి ఉంచడానికి అవి మామూలు రొట్టెలు కావు. అందుకని మిగిలినవన్నీ మాకిచ్చారు.

మొదటి శుక్రవారం తమారా పెత్రోవ్నా సంచులు విప్పి, ఇద్దరున్న ఇంటికి నాలుగు, ఒంటరి వాళ్ళకి మూడు అని విడదీసింది. మొదటి ఇంట్లోనే గొడవైంది. అసన్‌కుల్ తాత, ఒకప్పుడు ట్రాక్టర్ నడిపినాయన, సంచిలో చెయ్యి పెట్టి లెక్కపెట్టి నన్ను చూశాడు.

"మూడేంటమ్మా? మిగతా నాలుగు దారిలో తిన్నావా?"

"లేదు తాతా, పంచాం."

"ఏడుని విడగొడతారా ఎవరైనా? సరే, ఇంతకీ ఎవరి పేరు మీద?"

"ఎవరి పేరు మీదా కాదు. బేకరీది."

"బేకరీ ఎప్పుడు పోయింది పాపం? నిన్న కూడా పొగ వస్తుంటే చూశానే."

కారు దగ్గరికి వెళ్ళి చెబితే తమారా పెత్రోవ్నా తల పట్టుకుంది. "నేను ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. మీ ఏడు నాకు అర్థం కావట్లేదు." అయినా ఇంక విడగొట్టలేదు.

పేరు సంగతి తేల్చింది సైరకాన్ పెద్దమ్మ. మాకు రెండు సందుల అవతల ఒక్కతే ఉండేది. ఆమె కూడా అదే అడిగింది, ఎవరికోసం అని. బేకరీదేనని చెప్పాను. ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది.

"నూనె వాసన చూపించే దిక్కులేని వాళ్ళు పైన ఎంతమంది ఉన్నారో. యుద్ధంలో పోయినవాళ్ళు, పరాయి ఊళ్ళో పోయినవాళ్ళు. వాళ్ళకి అనుకుందాం" అని చేతులు తెరిచింది.

ఆ మాట ఇంటింటికీ పాకింది. ఆ రోజు నుంచి మా సంచులు దిక్కులేని వాళ్ళ సంచులయ్యాయి. ఎవరూ పేరు అడిగేవాళ్ళు కాదు. అసన్‌కుల్ తాత మాత్రం, "నా పెళ్ళికి రాని నా మేనమామ ఒకడున్నాడు, వాణ్ణి కూడా ఇందులో కలపొచ్చా?" అని అడిగేవాడు.

డిసెంబర్ నడిమికి పద్నాలుగు అంతస్తులయ్యాయి.

బుధవారం పొద్దున నేను కుళాయి నుంచి నీళ్ళు తెచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నా ఫోన్. నీళ్ళు కారుతున్నాయి.

"బట్టల బకెట్లో పడింది. జారిపోయింది" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అదెట్లా జారుతుందండీ? ఆదివారం ఆయన చేస్తే?"

"ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయి. బియ్యంలో పెడితే ఆరుతుందట."

ఆమె ఫోన్ ఎప్పుడూ ముట్టుకోదు. చలికి చేతులు పట్టు తప్పాయేమో అనుకున్నాను. కోపం మింగి ఫోన్‌ని బియ్యం డబ్బాలో దాచాను. ఆమె దానికి ఒక మూత వెతికి, పైన ఒక గిన్నె కూడా బోర్లించింది.

గురువారం పక్కింటి మగవాళ్ళు నలుగురు పారలు పట్టుకొచ్చి మా వాకిట్లో మంచు మొత్తం ఎత్తిపోశారు. మూల మూలా శుభ్రం చేశారు.

"ఎందుకింత?" అని అడిగాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తమ్మ లోపల నుంచి, "బొగ్గు లారీ వస్తుందట. తిరగడానికి చోటు కావాలి" అంది. మనకి బొగ్గు ఎవరు కొన్నారని అడగబోయాను. అప్పుడే పాప దగ్గుతూ లేచింది. ఆ రాత్రంతా దానికి జ్వరం. ఛాతీకి గొర్రె కొవ్వు రాస్తూ, ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. అత్తమ్మ కూడా పడుకోలేదు. పాప కోసమే అనుకున్నాను.

శుక్రవారం పొద్దునకి జ్వరం దిగింది. నేను వెళ్ళనన్నాను.

"వెళ్ళు. నాలుగు ఇళ్ళు తిరిగితే గాలి తగులుతుంది. ఇది నా దగ్గర ఆడుకుంటుంది" అంది అత్తమ్మ.

నా రంగు స్కార్ఫ్ మీద పాప పాలు కక్కింది. మేకుకున్న నల్ల శాలువా తీసి తలకి చుట్టుకుని పరిగెత్తాను. నన్ను ఆ శాలువాలో ఆమె చూడలేదు. పొయ్యి వైపు తిరిగి ఉంది.

ఆ రోజు తొమ్మిది సంచులు వచ్చాయి. కారు సందులోకి రాదు కనుక నేను నడిచి వెళ్ళి నాలుగు ఇచ్చాను. అయిదోది సైరకాన్ పెద్దమ్మ ఇల్లు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే అందుకుని పంపించేసేది. ఆ రోజు నా ముఖం, నా తల మీది శాలువా చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పరుపు మీద కూర్చోబెట్టింది. అడక్కుండానే గిన్నెలో చాయ్ పోసింది. రాత్రి నిద్ర లేక నా కళ్ళు మండుతున్నాయి. వెచ్చగా ఉందని కూర్చుండిపోయాను.

ఆమె సంచిని రెండు చేతులతో తీసుకుంది. విప్పి, ఏడు రొట్టెల్నీ శుభ్రమైన గుడ్డ మీద పేర్చింది. చేతులు తెరిచింది. నేనూ తెరిచాను. ఎవరైనా దువాకి చేతులు తెరిస్తే మన చేతులు వాటంతటవే లేస్తాయి.

ఖురాన్ వాక్యాలు చెప్పింది. తరవాత మా భాషలో, మెల్లగా అంది:

"కుబాన్ కొడుకు జెనిష్‌కి ఇది చేరాలి. చిన్న వయసువాడు. వాడి మీద పడే మట్టి పట్టులా మెత్తగా ఉండాలి. వెనక ఉన్న బిడ్డకి ఆయుష్షు ఉండాలి. ఓమిన్."

చేతులు ముఖానికి రాసుకుంది. నేనూ రాసుకున్నాను.

ఆమె ఒక రొట్టె అంచు తుంచి నోట్లో వేసుకుని నమిలింది. మింగింది. చాయ్ కాగే సమోవార్ మూత దగ్గర ఆవిరి చిన్నగా చప్పుడు చేస్తోంది. కుబాన్ మా మామగారి పేరు. ఈ బస్తీలో కుబాన్ కొడుకు జెనిష్ ఇంకొకడు లేడు.

ఆమె నన్ను చూసింది. నమలడం ఆపింది.

"నీకు చెప్పారు కదమ్మా?"

డెబ్భై ఏళ్ళ మనిషి. చేతిలో మిగిలిన రొట్టెని గుడ్డ మీద పెట్టేసింది. చావు కబురు మాలో ఒకరు నోరు జారి చెప్పేది కాదు. పెద్దలు పోగవ్వాలి, చుట్టూ కూర్చోవాలి, నెమ్మదిగా విప్పి చెప్పాలి. దాన్ని తను తన చేత్తో పాడుచేశానేమోనని ఆమె ముఖంలో భయం కనిపించింది.

"చెప్పారు పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నల్లగా కట్టుకొచ్చావు, ఏడు పట్టుకొచ్చావు, చెప్పే ఉంటారనుకున్నా. మీ అత్త రేపటిదాకా ఆపమంది మరి. చంటిబిడ్డకి పాలిచ్చేది, భయానికి పాలు ఎండిపోతాయి, నరిన్ నుంచి జెనిష్ పెదనాన్నలు వాకిట్లో వేసే చావు గుడారం పట్టుకొచ్చేవరకు ఎవరూ నోరు విప్పొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది. మంగళవారం రాత్రి మీ పక్కింటికి కబురొస్తే ఈ రోజు వరకూ... కన్న కొడుకమ్మా. ఆ మనిషి గుండె దేనితో చేశాడో దేవుడు."

"ఎట్లా జరిగిందట?" అని అడిగాను. అన్నీ తెలిసినదానిలా, పైపైన అడిగాను.

"మంచు పట్టిన చెక్క మీద కాలు జారిందట. పైనుంచి. నీకది చెప్పలేదా?"

"పైనుంచి అన్నారు."

చాయ్ పూర్తిగా తాగాను. తాగకుండా లేస్తే ఆమెకి అర్థమైపోతుంది.

బయట ఇంకా నాలుగు సంచులున్నాయి. వాటిని కూడా ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ నాకు తెలియదు. చేతిలో ఉన్నాయి కనుక ఇచ్చాను. అసన్‌కుల్ తాత తలుపు తీసి, మేనమామ గురించి ఏమీ అడగలేదు. నేల చూస్తూ అందుకున్నాడు. "జాగ్రత్తగా నడు, జారుతోంది" అని, అన్న మాటకి తనే కంగారుపడి తలుపు వేసేశాడు.

కారు దగ్గర తమారా పెత్రోవ్నా ఖాళీ పెట్టెలు సర్దుతోంది. ఆమెకి ఏమీ తెలియదు.

"ముఖం అలా ఉందేం?"

"పాపకి జ్వరం."

"మరి ఎందుకొచ్చావే పిచ్చిదానా. ఇదిగో, గసగసాల బన్ను, మెత్తగా ఉంది. పాలల్లో ముంచి పెట్టు." నా జేబులో కుక్కింది. "సోమవారం రాకు. నేను చూసుకుంటా."

ఇంటికి పది నిమిషాల నడక. బకెట్లో పడ్డ ఫోన్, మూత మీద గిన్నె, పారలు పట్టుకున్న నలుగురు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏడుపు మాత్రం రాలేదు. ఒకటే అనుకుంటూ నడిచాను, అత్తమ్మ నాకోసం రేపటిదాకా దాచింది, రేపటిదాకా నాకు తెలియనట్టే ఉంటాను. ఆమె అంత కష్టపడి కట్టిన దాన్ని నేను కూలదొయ్యకూడదు. గేటు దగ్గర శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాను.

ఇంకా వెలుతురు ఉంది. అత్తమ్మ కిటికీ కింద కూర్చుని పాపని కాళ్ళ మీద ఊపుతోంది. పాప నవ్వుతోంది.

"వచ్చావా. చూడు, జ్వరం లేదు. ఇంకో పన్ను వచ్చింది, వేలు పెట్టి చూడు, కొరుకుతుంది."

వేలు పెట్టాను. కొరికింది.

"ఇచ్చేశావా అన్నీ?"

"ఇచ్చేశాను."

"ఈ తలుపు కింద గాలి కొడుతోంది. జెనిష్ రాగానే ముందు దీన్ని సరిచేయించాలి" అంది.

నెలకి నాలుగుసార్లు అనే మాటే. ఎప్పటిలాగే అంది, కాస్త విసుగ్గా, తలుపు వైపు చూస్తూ. గొంతు ఎక్కడా తొణకలేదు. "అవునండీ" అన్నాను.

ఆమె పాపని నాకిచ్చి టీ పెట్టడానికి లేచింది. వంగినప్పుడు ఆమె తలగుడ్డ కొస ముందుకు జారింది. అది తడిసి ఉంది. అంచంతా నలిగి, దారాలు ఊడి, పళ్ళ గుర్తులు పడి ఉంది. గురువారం రాత్రి నేను పాప ఊపిరి లెక్కపెడుతుంటే చీకట్లో గోడ వైపు తిరిగి ఆమె ఏం చేస్తూ కూర్చుందో అప్పుడు తెలిసింది.

నేను తెలియనట్టు ఉంటే ఇంకో రాత్రి ఆ గుడ్డ ఆమె నోట్లోనే ఉంటుంది.

"అత్తమ్మా."

"ఊఁ."

"సైరకాన్ పెద్దమ్మ దువా చేసింది. పేరు చెప్పి చేసింది."

కెటిల్ మీద ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఎవరి పేరు?"

"కుబాన్ కొడుకు జెనిష్ అని."

ఆమె కెటిల్‌ని పొయ్యి మీద నుంచి తీసి పక్కన పెట్టింది. పొయ్యి తలుపు మూసింది. పాప నా జేబులోని బన్ను కనిపెట్టి లాగుతోంది.

"ఆవిడ తప్పు లేదండీ. నాకు తెలుసనుకుంది. నేను కూడా తెలుసన్నాను."

"రొట్టె తిన్నదా?"

"తిన్నది. నా ఎదురుగానే. ఒక ముక్క."

"పూర్తిగా చెప్పిందా దువా?"

"పూర్తిగా. మట్టి పట్టులా ఉండాలంది."

తల ఊపింది. అప్పుడు నా వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖాన్ని సరిగ్గా చూశాను. అది మా అత్తమ్మ ముఖంలా లేదు.

"పాలున్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి."

"ముందు దానికి పట్టు. కడుపునిండా పట్టు. తరవాత పక్కింట్లో దింపి రా. పిల్ల జడుసుకుంటుంది."

గోడకి ఆనుకుని కూర్చుని పాపకి పాలిచ్చాను. ఆమె ఎదురుగా నిలబడి, తలగుడ్డ కొస చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, అది తాగడం అయ్యేవరకు చూస్తూ ఉంది. పాప మూతి తనే తుడిచింది. దుప్పటి తనే చుట్టింది.

పక్కింటావిడ తలుపు తీసి నన్నూ పాపనీ చూసి, ఏమీ అడక్కుండా చేతులు చాచింది. పాపని ఇచ్చి తిరిగాను. మా గేటు చేరకముందే లోపలి నుంచి ఆ గొంతు మొదలైంది. మా ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చుని, చనిపోయినవాళ్ళని పిలిచి పాడే ఏడుపు అది. నా గుర్రపుపిల్లా అని పిలుస్తోంది. సందులో ఒక్కొక్క తలుపే తెరుచుకోవడం వినిపించింది.

బూట్లు గుమ్మంలో వదిలి లోపలికి వెళ్ళాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నేనూ వెళ్ళి ఆమె పక్కన, అదే గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ ఏడుపుకి మాటలు ఎలా కట్టాలో నాకు తెలియదు. ఆమె ఒక్కొక్క వరసా చెప్పి ఆగింది, నేను వెనకే అన్నాను.